రాజకుమారిలో సగం మింగిన డేటాబేస్

నిక్షేపంగా పనిచేస్తున్న వస్తువును పక్కన పడేసి, మొదటి అక్షరం నుంచి మళ్లీ తయారుచేయడం కంటే గొప్ప లోకోపకారం ఈ భూమ్మీద మరొకటి లేదు! కాదనేవాళ్లు శుక్రవారం సంతకు వచ్చినప్పుడు అరకులోయలో నా జిరాక్స్ షాపుకి రండి. వాదించుకుందాం.

మీ ఫోన్‌లో కాంటాక్టులూ మెసేజీలూ ఎక్కడుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? లోపల ఒక బుల్లి డేటాబేస్ ఉంటుంది. నెట్ ఉన్నా లేకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. కోట్ల ఫోన్లలో ఉంది. అయినా మీరు దాని పేరు వినలేదంటే ఎంత బుద్ధిగా పనిచేస్తోందో చూడండి! సతాయించే వాటి పేర్లే కదా మనకు నోటికొచ్చేవి?

అంత బుద్ధిమంతురాలిని ఊరికే వదిలేస్తే ఎలా?

అందుకే మా ధర్మతేజ నడుం కట్టాడు. కాఫీ రైతు గాసి కొడుకు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటి నుంచే చేస్తాడు. ఇంట్లో సిగ్నల్ లేదు కాబట్టి, ఇల్లంటే నా షాపే. ఉద్యోగం చాలక, ముప్పై దేశాల్లోని మూడు వందల మందితో కలిసి ఆ డేటాబేస్‌ను ఓపెన్ సోర్స్‌గా తిరగరాయడం మొదలుపెట్టాడు. అదీ రస్ట్ అనే కొత్త కంప్యూటర్ భాషలో. రస్ట్ అంటే తుప్పు! పాతదానికి ఇన్నేళ్లలో పట్టని తుప్పు, కొత్తదానికి పుట్టుకతోనే పట్టించారు. ఎంత ముందుచూపు!

గాసి ఒకరోజు షాపుకొచ్చి కొడుకు వెనకాల నిలబడ్డాడు.

"పాతది పాడైపోనాదేటిరా?"

"లేదు నాన్నా. బంగారంలా ఉంది."

"మరెందుకురా ఈ తిరగరాత?"

"దాన్ని ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు. కానీ బయటివాళ్లని చెయ్యి పెట్టనివ్వరు. మాదాంట్లో ఎవరైనా చెయ్యి పెట్టొచ్చు."

గాసి కొడుకు భుజం తట్టాడు. "మన తోటలో కలుపు నడుం దాకా ఎదిగిపోనాది. అక్కడా ఎవులైనా సెయ్యెట్టొచ్చు. ఆ మూడొందల మందినీ రమ్మను!"

ఎవరూ రాలేదు. వాళ్లు పేరు పెట్టే పనిలో తలమునకలై ఉన్నారు. పంతొమ్మిది రోజులు కొట్టుకున్నాక ధర్మతేజ 'ధింసా' అన్నాడు. మా ధింసాలో ఒకరి నడుం చుట్టూ ఒకరు చేతులు వేసి ఆడతారు, ఎవరొచ్చినా వరసలో చోటుంటుంది అని వివరించాడు. ముప్పై దేశాలూ పొంగిపోయి ఒప్పుకున్నాయి. ఒక్కో దేశం ఒక్కో స్పెల్లింగు రాసింది, అంతే.

డేటాబేస్ తయారైంది. పరీక్షించడానికి మనిషి కావాలి. వరసకు అక్కయ్యే కనక దొరికింది. ఆమె కొండ మీద ఉసిరిపుట్టులో ఆశా కార్యకర్త. ధర్మతేజ ధింసాతో ఒక చిన్న యాప్ చేసి, టీకాలు వేయించిన పిల్లల పేర్లు ఎక్కించమని పాత ఫోనొకటి ఇచ్చాడు. ఆమె తెలివైన మనిషి. పుస్తకంలో రాయడం మాత్రం మానలేదు.

మరుసటి శుక్రవారం కనక సంత సంచీతో సహా షాపులోకి దూసుకొచ్చింది.

"ఏటి తమ్ముడూ, ఇలగ సేసీసినావు? పద్నాలుగు మందిని ఎక్కించినాను. ఆకరి గుంట పేరు కొట్టి సేవ్ నొక్కీసరికి ఫోన్లో సార్జింగు అయిపోనాది. మల్లీ ఆన్ సేసి సూత్తే మా రాజకుమారి 'రాజకు' అయిపోనాది! మారి ఎక్కడికెల్లిపోనాదిరా?"

ధర్మతేజ ముఖం పాలిపోయింది. డేటాబేస్ అన్నాక రాస్తే పేరు పూర్తిగా రాయాలి, లేదంటే అసలు రాయకూడదు. ఇలా సగం మింగడం దాని కులానికే అప్రతిష్ఠ! పాతది ఇన్నేళ్లలో ఒక్క రాజకుమారినీ కొరికిన పాపాన పోలేదు.

మూడు వందల మందికీ కబురు వెళ్లింది. తప్పు మళ్లీ జరిగేలా చేసి చూపించమన్నారు. ధర్మతేజ నా షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని, రాజకుమారి పేరు కొట్టడం, ఎక్స్‌టెన్షన్ బోర్డు ప్లగ్ పీకడం, మళ్లీ పెట్టడం మొదలుపెట్టాడు. రెండు వందల పన్నెండు సార్లు! జిరాక్స్ మెషీన్ కూడా ఆ బోర్డు మీదే ఉందని ఇద్దరం మర్చిపోయాం. ఆ నాలుగు రోజులూ నా దగ్గర కాపీలు తీయించుకున్నవాళ్లకు సగం ఆధార్ కార్డులు, సగం కుల ధ్రువపత్రాలు దక్కాయి. ఒకాయన పెళ్లి శుభలేఖలో పెళ్లికూతురు ఉంది, పెళ్లికొడుకు రాలేదు. సైన్స్ కోసం ఆమాత్రం భరించాలి!

నాలుగో రోజు పోర్చుగల్‌లో ఒక బడి టీచరమ్మ తప్పు పట్టుకుంది. పేరు పూర్తిగా భద్రపడిందో లేదో చూసుకోకుండానే ధింసా 'అయిపోయింది' అనేస్తోంది. ఒక్క వరస కోడ్ చేర్చారు. మళ్లీ ప్లగ్ పీకారు. రాజకుమారి నిండుగా, మారితో సహా నిలబడింది. నేను కౌంటర్ దిగి రెండడుగులు ధింసా ఆడానని ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

ఆ వారం ప్రాజెక్టు సహకర్తల జాబితాలో కనక పేరు చేరింది. ధర్మతేజ స్క్రీన్ మీద చూపించాడు.

"నానేటి రాసినానని నా పేరెట్టినారు?"

"తప్పు చూసి చెప్పావక్కా. అందులో అదే పెద్ద పని."

కనక తన పేరు మీద వేలు పెట్టి చదువుకుంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"అయితే ఇంకో తప్పు సెప్తాను. ఆశాలందరికీ ఇచ్చిన యాప్ ఉంది కదా, అందులో మా ఉసిరిపుట్టు నేదు. ఊరు ఎంచుకోమంటాది. మా ఊరు కనపడదు. అందుకని పక్క కొండ మీది రాళ్లగెడ్డ నొక్కుతాను. టీకాల పెట్టె కూడా రాళ్లగెడ్డకే ఎల్లిపోతాది. మల్లీ నాను తొమ్మిది కిలోమీటర్లు నడిసెల్లి తెచ్చుకుంటన్నాను. రెండేళ్లయినాది. మీ మూడొందల మందీ ఉన్నారు కదా, బేగి ఒక్క పేరు ఎక్కించరూ?"

ధర్మతేజ తల అడ్డంగా ఊపాడు. ఆ యాప్ ఎవరో కంపెనీవాళ్లది. దాని కోడ్ ఎవరూ చూడకూడదు, చెయ్యి సంగతి సరేసరి.

ఫిర్యాదు బటన్ ఉంది కదా అన్నాను నేను, పెద్దమనిషిలా. నొక్కాం. 'మీ సమస్య వివరించండి' అంది. వివరించాం. 'మీ గ్రామం ఎంచుకోండి' అంది. ఉసిరిపుట్టు లేదు. గ్రామం ఎంచుకోకపోతే ఫిర్యాదు కదలదు. చేసేది లేక రాళ్లగెడ్డ నొక్కాం.

పది నిమిషాల్లో జవాబు! ఎంత వేగం చూశారా! 'పరిశీలించాము. రాళ్లగెడ్డ జాబితాలో ఉన్నది. మీ సమస్య పరిష్కరించబడినది. మా సేవకు ఐదు నక్షత్రాలు ఇవ్వగలరు.'

ధర్మతేజ తల పట్టుకున్నాడు. కనక మాత్రం నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"బాబూ, మీరు అమ్మే ఫారాల్లో ఊరి పేరు మార్సుకునే కాయితం ఉంటాదా? మా ఊరికే రాళ్లగెడ్డ అని పేరెట్టీసుకుంటే? ఆ యాప్‌ని మార్సడం కంటే మా ఊరిని మార్సడమే బేగి అవుతాదేమో."

నేను పగలబడి నవ్వాను. ఆమె నవ్వలేదు. కాగితం కోసం చెయ్యి చాపి కూర్చుంది.