మెయిన్ అప్లికెంటు దేవరాజులు

దేవరాజులుకు జీవితంలో ఒక్కసారైనా మెయిన్ అప్లికెంటు కావాలని కోరిక.

నవ్వకండి. ఆయన చిత్తూరులో ఒక బ్యాంకు బ్రాంచికి మేనేజరు. గాజు గదిలో కూర్చుని బెల్లం మండీల వాళ్ళకు, పాడి ఆవుల వాళ్ళకు, మామిడి తోటల వాళ్ళకు లోన్లు మంజూరు చేస్తాడు. ఎవరు మెయిన్ అప్లికెంటో, ఎవరు కో-అప్లికెంటో అక్కడ ఆయన చెప్పిందే చెల్లుతుంది. ఇంటికొస్తే మాత్రం అన్నిటికీ ఆయనే కో-అప్లికెంటు.

ఇంటి లోనుకు ఆడవాళ్ళ పేరు ముందుంటే వడ్డీ కాస్త తగ్గుతుందని, భార్య జయంతి పేరు ముందు పెట్టింది ఆయనే. ఆ తరువాత గ్యాసు కనెక్షన్, కరెంటు మీటరు, అన్నీ అదే దారి పట్టాయి. చివరికి తిరుమల దర్శనం టికెట్లు కూడా ఆమె ఫోను నంబరు మీదే వస్తాయి, జయంతి, ఆమెతో ఇంకొకరు అని. ఆ ఇంకొకరు దేవరాజులు.

జయంతి ఆయనకు సొంత మేనమామ కూతురు. ఊరి బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగానికి పెద్ద. ఆమె ల్యాబులో పరీక్షించి సంతకం పెట్టందే ఒక్క డ్రమ్ము గుజ్జు కూడా ఓడ ఎక్కదు. దీన్నే దేవరాజులు ఒక పెళ్ళిలో బంధువులందరి ముందు "పొద్దస్తమానం మామిడి రసం నాకి చూసే ఉద్యోగం" అని చెప్పి నవ్వించాడు. ఆ ఏడాది ఇంట్లో ఆవకాయ పెట్టలేదు.

బ్రాంచిలో మాత్రం దేవరాజులుకు మంచి పేరుంది. జామీను సంతకం పెట్టి, తీరా అవసరం వచ్చేసరికి "ఇది నా సంతకం కాదు సార్" అనేవాళ్ళు వస్తుంటారు కదా, ఆయన వాళ్ళ మీద గొంతు పెంచడు. "సరేనప్పా, కాణిపాకం పోదాం పా. వినాయకుడి ముందర ఈ మాటే చెప్పు" అంటాడు. కారు తాళం చెవులు తీసేలోపలే సంతకం వాళ్ళదైపోతుంది. ఆ దేవుడి ముందు అబద్ధపు ప్రమాణం చేసే ధైర్యం ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. రీజినల్ ఆఫీసులో దీనికి చిత్తూరు పద్ధతి అని పేరు కూడా పెట్టారు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, సుందరరాజు ఉన్నాడే, వాడితోనే వచ్చింది తంటా. దేవరాజులుతో పాటే బ్యాంకులో చేరినవాడు, ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. నీలం సముద్రం ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఆ ఫొటోలను పాత మిత్రుల వాట్సాప్ గ్రూపులో వారం వారం పెడతాడు. కింద ఒక్క ముక్క కూడా రాయడు. ఆ రాయకపోవడానికే దేవరాజులుకు ఎక్కడో మండేది.

నైపుణ్యం ఉన్నవాళ్ళకిచ్చే వీసా మీద తనూ పోవాలని దేవరాజులు నిశ్చయించుకున్నాడు. నలభై ఐదేళ్ళు నిండితే ఆ తలుపు మూసేస్తారు. ఆయనకు వినాయక చవితి దాటగానే నిండుతాయి. అంచేత ఒక శనివారం పని ఉందని చెప్పి, తిరుపతిలో వీసా సలహాలు చెప్పే రూపేష్ దగ్గరికి వెళ్ళాడు.

"బ్రాంచి మేనేజర్లకు దారి ఉండాది సార్. కానీ సన్నంగా ఉండాది" అన్నాడు రూపేష్. "ఆడ ఏదో ఒక రాష్ట్రం మిమ్మల్ని కావాలని పిలవాల. మీ వయసుకు పాయింట్లు తక్కువ. ఇంగ్లీషు పరీక్షలో బాగా తెచ్చుకోవాల. మేడమ్ కూడా ఆ పరీక్ష రాస్తే ఇంకొన్ని పాయింట్లు కలుస్తాయి. మేడమ్ పేరేంది సార్?"

"జయంతి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేస్తాది."

నీళ్ళు తాగుతున్న రూపేష్‌కు పొలమారింది.

"ఏమైందప్పా?"

"ఏం లేదు సార్. మేడమ్‌తో ఒక మాట చెప్పి చేసుకుంటే బాగుంటాది సార్."

"అదే వద్దు. అంతా అయినాక నేనే చెప్తా."

ఎలా చెప్పాలో కూడా ఆయన అప్పటికే తయారు చేసి పెట్టుకున్నాడు. రోజూ పొద్దున గడ్డం గీసుకుంటూ, బాత్రూమ్ అద్దం ముందు ఛాతీ విరుచుకుని చెప్పుకునేవాడు: "జయంతీ! నిన్ను ఆస్ట్రేలియాకు తీసుకపోతా ఉండాను." ఒకసారి గంభీరంగా, ఒకసారి చిరునవ్వుతో, ఇంకోసారి ఏదో చిన్న విషయం చెప్పినట్టు. ఆ ఒక్క మాట కోసమే ఈ పాట్లన్నీ.

ముందు జయంతి చేత పరీక్ష రాయించాలి.

"జయంతీ, మా బ్యాంకులో ఆఫీసర్లకు, వాళ్ళ ఇంటోళ్ళకు ఇంగ్లీషు పోటీ పెట్టినారు" అన్నాడు ఇడ్లీ తుంచుతూ.

"అట్లనా బావా? గెలిస్తే ఏమిస్తారంట?"

ఆ సంగతి దేవరాజులు ఆలోచించుకోలేదు. "వెండి కుంకుమ భరిణె."

"పోటీ యాడ?"

"చెన్నైలో."

"చిత్తూరు బ్యాంకోళ్ళ పోటీ చెన్నైలోనా?"

"జోనల్ లెవెలు. నీ పాస్‌పోర్టు కూడా కావాలంట."

"కుంకుమ భరిణెకు పాస్‌పోర్టా?"

"కేవైసీ."

"ఆధారు చాలదా బావా?"

"రూల్సు నేను రాసినానా? గమ్మున ఇయ్యబ్బా."

జయంతి ఆయన్ని ఒక్క క్షణం తేరిపార చూసి, బీరువా తెరిచి పాస్‌పోర్టు తెచ్చిచ్చింది. అట్ట కొత్తగా మెరుస్తోంది, ఈమధ్యే మళ్ళీ చేయించినట్టు. దేవరాజులు మనసంతా తాను ఆడిన అబద్ధం ఎంత చక్కగా పారిందా అన్నదాని మీదే ఉంది. మెరుపు సంగతి పట్టించుకోలేదు.

ఆ తరువాత శిక్షణ మొదలైంది. పొద్దున కాఫీ వేళ ఆయన పరీక్షాధికారి, ఆమె అభ్యర్థి.

"నీకు ఇష్టమైన పండు గురించి ఇంగ్లీషులో చెప్పు."

జయంతి తోతాపురి మామిడి గురించి, దాని ముక్కు వంపు గురించి, చిన్నప్పుడు నాయన తోటలో దొంగతనంగా ఉప్పూకారం అద్దుకుని తిన్నదాని గురించి నవ్వుతూ గబగబా చెప్పేసింది. రోజూ విదేశాల కొనుగోలుదార్లతో ఫోనులో మాట్లాడే మనిషి మరి.

దేవరాజులు తల అడ్డంగా ఊపాడు. "అట్ల కాదు. 'విత్ రిఫరెన్స్ టు ద అబౌ సబ్జెక్ట్, ప్లీజ్ బి ఇన్ఫార్మ్‌డ్' అని మొదలు పెట్టాల. మర్యాదగా ఉంటాది."

"పండు గురించి మాట్లాడతా ఉండామా బావా, పండుకు నోటీసు ఇస్తా ఉండామా?"

"నా సర్వీసంతా ఈ ఇంగ్లీషుతోనే నడిచినాది. నువ్వు నేర్చుకో."

"సరే బావా, నేర్చుకుంటాలే" అంది జయంతి, చాలా వినయంగా. ఆ వినయం చూసైనా ఆయన భయపడి ఉండాల్సింది.

చెన్నైకి ఇద్దరినీ ఆయనే కారులో తీసుకుపోయాడు. పరీక్ష ఫీజులు కట్టింది ఆయనే. దారిలో తినడానికి పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టింది కూడా ఆయనే.

రాత పరీక్షలో, స్నేహితుణ్ణి గృహప్రవేశానికి పిలుస్తూ ఉత్తరం రాయమన్నారు. దేవరాజులు రెఫరెన్స్ నంబరు వేశాడు. సబ్జెక్టు రాసి కింద గీత గీశాడు. తమరు సకాలంలో హాజరు కావలెననీ, రాని పక్షంలో తగిన చర్య తీసుకోబడుననీ ఇంగ్లీషులో రాసి ముగించాడు. మాట్లాడే పరీక్షలో ఒక అమ్మాయి ఎదురుగా కూర్చుని, ఈమధ్య మిమ్మల్ని బాగా నవ్వించిన సంఘటన చెప్పండి అంది. దేవరాజులు కోటు సర్దుకుని, సదరు విషయమై ప్రస్తుతం ఈ కార్యాలయంలో ఏ సమాచారమూ లేదనీ, దయచేసి గమనించగలరనీ మనవి చేసుకున్నాడు. నవ్వింది మాత్రం ఆ అమ్మాయే.

ఇద్దరి ఫలితాలూ ఆయన ఫోనుకే వచ్చాయి. ముందు తనది చూసుకున్నాడు. రూపేష్ చెప్పిన మెట్టుకు చాలా కింద ఆగిపోయాడు. కాసేపు గాజు గదిలో ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు. ఆస్ట్రేలియా పోయింది, సముద్రం పోయింది, అద్దం ముందు చెప్పుకున్న మాటా పోయింది.

తరువాత జయంతిది తెరిచాడు. అన్నిట్లోనూ దాదాపు నిండు మార్కులే. మాట్లాడటంలో ఇంక పైన మార్కే లేదు.

ఆశ్చర్యం ఏమిటంటే, ఆయనకు అసూయ కలగలేదు. కళ్ళు చెమర్చాయి. నా జయంతి! నా మేనమామ కూతురు! బ్రాంచి మధ్యలో నిలబడి అరవాలనిపించింది. కానీ అదంతా రహస్యం కదా. గర్వం గొంతు దాకా వచ్చి, బయటికి దారిలేక ఆయన్ని మధ్యాహ్నం దాకా ఉక్కిరిబిక్కిరి చేసింది.

సరిగ్గా అప్పుడే మునిరామయ్య లోపలికొచ్చాడు. మామిడి తోటల రైతు. లోను తీసుకునేది దేవరాజులు దగ్గర, కాయలు తోలేది జయంతి ఫ్యాక్టరీకి.

"కూర్చో మునిరామయ్యా. నీకు మాత్రమే చెప్తా ఉండా. ఆస్ట్రేలియాకు పోయే ఇంగ్లీషు పరీక్షలో మా ఆవిడ దొరసానులను మించి మార్కులు తెచ్చినాది! యాడా అనొద్దు."

"నేనెందుకంటాను సార్" అన్నాడు మునిరామయ్య.

మరుసటి రోజు కాయల లోడుతో ఫ్యాక్టరీకి పోయి, తూకం దగ్గర అందరి ముందూ ఎలుగెత్తాడు. "జయంతమ్మా! ఆస్ట్రేలియా పరీక్షలో దొరసానులను మించినావంట కదా! ఎవరికీ చెప్పొద్దన్నాడు మీ ఆయన!"

ఆ సాయంత్రం జయంతి దోసె వడ్డిస్తూ చాలా మామూలుగా అంది. "బావా, రేపు ఆదివారమే కదా. కాణిపాకం పోదాం."

దేవరాజులు నోటి దగ్గర దోసె ముక్క అట్లే ఆగిపోయింది.

కాణిపాకంలో కారు దిగగానే ఎదురైంది ఎవరనుకున్నారు? ఒకప్పుడు చిత్తూరు పద్ధతి రుచి చూసిన గోవిందస్వామి. "ఏం మేనేజరు సారూ, ఈసారి మిమ్మల్నే పిలుచుకోనొచ్చినారా?" అని టెంకాయ చేతిలో పట్టుకుని మరీ అడిగాడు. దేవరాజులు వినబడనట్టు నడిచాడు.

దర్శనమయ్యాక జయంతి చేతులు జోడించి, గొంతు తగ్గించి అడిగింది. "ఇంగ్లీషు పోటీ నిజమే, వెండి భరిణె నిజమే అని స్వామి ముందర ఒక్క మాట చెప్పు బావా. ఇంటికి పోదాం."

దేవరాజులు స్వామి వంక చూశాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది. ఎంతమంది జామీనుదార్లను ఇలా నిలబెట్టానో కదా అనుకున్నాడు, పాపం వాళ్ళు.

"పోటీ లేదు జయంతీ. భరిణె లేదు. ఆస్ట్రేలియా వీసాకు నేనే మెయిన్ అప్లికెంటుగా వేద్దామనుకున్నా. నీ మార్కులు నాకు కలుస్తాయని అబద్ధం చెప్పినా. పరీక్షలో నేను తప్పినాను. తప్పయింది స్వామీ" అని చెంపలు వేసుకున్నాడు.

జయంతి కళ్ళు మూసుకుని స్వామికి ఇంకోసారి దణ్ణం పెట్టుకుంది. తిట్లు పడకపోయేసరికి ఆయనకు కాస్త ధైర్యం వచ్చింది. అందరి ముందూ తను ఒక్కడే దొంగగా మిగలడం ఆయనకు నచ్చలేదు.

"మరి నువ్వు? నా దగ్గర ఏమీ దాయలేదని నువ్వూ ప్రమాణం చెయ్యి, సూస్తాం!"

జోడించిన చేతులు జోడించినట్టే ఉంచి జయంతి నేల చూపులు చూసింది.

"నేను చెయ్యలేను బావా."

"ఏందీ?"

"ఆస్ట్రేలియా నుంచి మన గుజ్జు కొనేటోళ్ళు ఫ్యాక్టరీకి వచ్చినారు కదా, నాలాంటి ఫుడ్ టెక్నాలజిస్టులకు వాళ్ళ దేశంలో దారి విశాలంగా ఉండాదని వాళ్ళే చెప్పినారు. తిరుపతిలో రూపేష్ అని వీసా సలహాలు చెప్పేటాయన కాడికి నేను ఎప్పుడో పోయినా. పాస్‌పోర్టు కొత్తది చేయించినా. నా చదువు, పని పత్రాలన్నీ ఆ దేశమోళ్ళు ఒప్పుకున్నారు. ఇంగ్లీషు పరీక్ష ఒకటే మిగిలినాది. నీకు తెలీకుండా చెన్నైకి ఎట్ల పోయేదిరా దేవుడా అనుకుంటా ఉంటే, నువ్వే ఫీజు కట్టి, కారు తోలి, పెరుగన్నం పెట్టి రాయించినావు."

దేవరాజులు అక్కడే ఫోను తీసి రూపేష్‌కు కలిపాడు. "నాకొక మాట చెప్పకూడదా అప్పా!"

"మీ బ్యాంకులో మేడమ్ బ్యాలెన్సు మొగుడు అడిగితే మీరు చెప్తారా సార్?" అన్నాడు రూపేష్. దేవరాజులు ఫోను పెట్టేశాడు.

"నాకెందుకు చెప్పలేదు జయంతీ?"

"రాకపోతే? మామిడి రసం నాకి చూసే ఉద్యోగానికి వీసా అంట అని ఇంకో పెండ్లిలో చెప్పి నవ్వుతావని భయపడినా బావా."

ఆ మాట దేవరాజులుకు సూటిగా తగిలింది. సిగ్గుతో తల వాలిపోయింది. తల వంచుకునే అన్నాడు. "ఇంక ఏ పెండ్లికి పోయినా నీ మార్కులే చెప్తాలే. సరేగానీ, నా సంగతేంది?"

"నా వెనకాల వచ్చేటోళ్ళకు తక్కువ మార్కులున్నా చాలంట. కో-అప్లికెంటు" అని జయంతి ఫక్కున నవ్వింది. ఆయనా నవ్వాడు, ఇంకేం చేస్తాడు!

తిరిగి వస్తూ కారులోంచే సుందరరాజుకు ఫోను కొట్టాడు. స్పీకరు పెట్టి మరీ అరిచాడు. "సుందరరాజూ! మేమూ వచ్చేస్తాం! మా ఆవిడ వీసా మీద! ఆమె మార్కులు ఎంతనుకున్నావు..."

"వచ్చేయప్పా" అన్నాడు సుందరరాజు అవతలి నుంచి, కాస్త గొంతు తగ్గించి. "నేను మాత్రం ఎట్ల వచ్చినాననుకుంటా ఉండావు? మా ఆవిడ నర్సు కదా."

అప్పుడర్థమైంది ఆ ఫొటోల కింద వాడు ఒక్క ముక్క కూడా ఎందుకు రాయలేదో.

ఇల్లు చేరేదాకా ఓపికపట్టి, గుమ్మం దగ్గర దేవరాజులు అడిగాడు. "అది సరే జయంతీ, నా ఎత్తుగడ నీకెప్పుడు తెలిసినాది? మునిరామయ్య చెప్పినాకనా?"

"మొదటి రోజే. రోజూ పొద్దున నువ్వు అద్దానికి చెప్పుకుంటా ఉంటే, ఈ పక్క వంటింట్లో వినబడకుండా పోతాదా బావా?"

మరునాడు పొద్దున బాత్రూమ్‌లో మళ్ళీ ఛాతీ విరుచుకుని చెప్పే మాట వినిపించింది. "మా జయంతి నన్ను ఆస్ట్రేలియాకు తీసుకపోతా ఉండాది!" ఒకసారి గంభీరంగా, ఒకసారి చిరునవ్వుతో. పాత మాటకంటే ఇదే నోటికి బాగా కుదిరినట్టుంది, మూడోసారికి వీధిలోకి కూడా వినిపించింది.

"బావా, వీసా ఇంకా రాలేదు, గమ్మునుండు!" అని వంటింట్లోంచి కేక వేసింది మెయిన్ అప్లికెంటు.