ఇంటర్‌ప్రెటర్ తాళం విడుదల మహోత్సవం

మార్కాపురం రైతు నేస్తం కేంద్రం గోడ మీద ఫ్లెక్సీ వెలిసింది: "గౌరవ చైర్మన్ గారి అమృత హస్తాలతో సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు ఇంటర్‌ప్రెటర్ తాళం విడుదల. అందరూ ఆహ్వానితులే."

ఆ తాళమేమిటో ప్రోగ్రామర్ ఉషారాణికి ఒక్కదానికే తెలుసు. కేంద్రంలో కౌంటర్లు ఎనిమిది. ప్రోగ్రామును నడిపే ఇంటర్‌ప్రెటర్‌కు తాళం ఒకటే. అది ఎవరి చేతిలో ఉంటే ఆ కౌంటరే కదులుతుంది. రైతుల వేలిముద్రలు పోల్చేది వేరే కంప్యూటర్ భాషలో రాసిన లైబ్రరీ అనే ఇంకో ప్రోగ్రాము. అది పోలుస్తున్నంతసేపూ ఇంటర్‌ప్రెటర్ తాళం పట్టుకుని ఊరికే కూర్చునేది. రెండు భాషలనూ కలిపే బైండింగులో ఉషారాణి రెండు లైన్లు చేర్చింది: లోపలికి పోయేముందు తాళం వదులు, బయటికొచ్చాక అందుకో.

సోమవారం పొద్దున పరీక్షగా నడిపి చూసింది. ఎనిమిది కౌంటర్లూ ఒక్కసారే కదిలాయి. విత్తనాల పర్మిటు కోసం మూడు రోజులుగా తిరుగుతున్న పెద్దారవీడు కౌలురైతు ఎలీషబా అవ్వకు కూడా కాగితం చేతికొచ్చింది. పదకొండుకల్లా వరండా ఖాళీ.

మేనేజరు రామసుబ్బయ్య గారు ముందుచూపు గలవారు. ఖాళీ వరండా చూడగానే ఆయనకు చెమటలు పట్టాయి.

"ఏంది ఉషమ్మా ఇది? సారొచ్చి ఎవరికని విడుదల చేయాల?"

"అందరి పనీ అయిపోయింది సార్."

"అదే కదమ్మా తప్పు. తాళం మళ్లా పెట్టు."

పెట్టింది. ఆమె కాంట్రాక్టు రెన్యువల్‌కు ఆయన సంతకమే కావాలి. బస్టాండుకు ఆటో పంపి, దొరికినవాళ్లను వెనక్కి తెచ్చారు. ఎలీషబాను క్యూలో ముందు నిలబెట్టారు.

"పొద్దున్నే ఇచ్చినారు కద పాపా కాగితం. వాన పడింది. రేపు విత్తనం తెచ్చుకొని ఎద పెట్టుకోవాల."

"మళ్లీ ఇస్తారంట అవ్వా," అంది ఉషారాణి, ఆమె ముఖం చూడకుండా.

నాలుగింటికి రావలసిన చైర్మన్ గారు ఐదున్నరకే వచ్చేశారు. తాళమేదని అడిగారు. అది కంటికి కనబడదని ఉషారాణి చెప్పేలోపే, రామసుబ్బయ్య గారు బజారులో కొన్న ఇత్తడి తాళం పళ్లెంలో పెట్టి అందించారు.

ఎలీషబా మిషను మీద వేలు పెట్టింది. "మీ సేవ ఇప్పటికే పూర్తయింది" అని తెర మీద పడింది.

"ఏందయ్యా, నేను తెరవకముందే పూర్తయిందా?" అన్నారు చైర్మన్ గారు.

"ఆ పర్మిటు రద్దు చెయ్యమ్మా," రామసుబ్బయ్య గారు గొణిగారు. "తాజాది వస్తది."

ఉషారాణి రద్దు నొక్కింది. చైర్మన్ గారు తాళంచెవి తిప్పారు. చప్పట్ల మధ్య కాగితం బయటికొచ్చింది. ఆయన దాన్ని అవ్వ చేతిలో పెట్టి, ఫోటోగ్రాఫరు కోరిక మీద, అక్షరాలు కనబడేలా పైకి పట్టించారు.

మర్నాడు పేపర్లో ఫోటో మహా స్పష్టంగా వచ్చింది. పైన శీర్షిక: "నిమిషంలో సేవ." అవ్వ చేతిలోని కాగితం మీద: "ఈ రైతుకు ఈ సీజను పర్మిటు రద్దయినది."