పుట్టడం గేటు కాదు

దేశానికి సరిహద్దులు ఎంత అవసరమో, లేనిచోట వాటిని పుట్టించడం అంతకన్నా అవసరమని పెద్దలు గ్రహించారు. ఆ ప్రకారం కోరాపుట్ నుంచి సాలూరు దిగే ఘాటీ దారిలో ‘అంతర్రాష్ట్ర ఆగమన పరిశీలన కేంద్రం’ వెలసింది. అక్కడి అధికారి మనోరంజన్‌కు మనుషులను ఆపే అధికారం ఉంది. కారణం ఉంటే ఆపవచ్చు. లేకపోతే కారణం దొరికేదాకా ఆపవచ్చు. (దీన్ని నిర్బంధం అనకూడదు, కూర్చోబెట్టడం అనాలి. కూర్చున్నవారు లేవకూడదు, అంతే.)

ఆ ఉదయం ఒడిశా వైపు సెమిలిగుడలో వీధులూడ్చే గురువమ్మ చలిమిడి గిన్నెతో బస్సు దిగింది. కూతురు బిందుశ్రీకి సాలూరు అత్తారింట్లో సీమంతం. ముహూర్తానికి తల్లి చేతి చలిమిడి ఒళ్ళో పడకపోతే అదేం సీమంతం?

“మీ ఊరేది, మావుసీ?” అని ఒడియాలో పిన్ని వరస కలిపాడు మనోరంజన్.

“పార్వతీపురం, బాబూ.”

కొంప మునిగింది. గురువమ్మ పార్వతీపురాన్ని రైలు కిటికీలోంచి తప్ప చూసి ఎరగదు. ఆ ఊరు ఆమె తాతది. వాళ్ళ వీధిలో ఎవరినడిగినా ఇలాగే చెబుతారు. వాళ్ళకు ఊరంటే ఉంటున్నది కాదు, తాత వదిలేసి వచ్చింది.

ఆధార్‌లో సెమిలిగుడ కనబడగానే మనోరంజన్ మొహం వెలిగింది.

“పార్వతీపురం మనిషివి. ఒడిశాలోకి ఏ గేటు గుండా వచ్చావు?”

“గేటేటి బాబూ? నానక్కడే పుట్టేను.”

“పుట్టడం గేటు కాదు,” అని బెంచీ చూపించాడు.

బెంచీ మీద రాయగడ చింతపండు వ్యాపారి ఉమాపతి అప్పటికే ఉన్నాడు. “మాది బొబ్బిలని సెప్పేనమ్మా,” అంటూ పక్కకు జరిగాడు.

గురువమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. గిన్నెను కొంగుతో కప్పుకుని ఫోన్ చేసింది. “అమ్మీ, నన్నిక్కడ కూకోబెట్టేసేడు. సలిమిడి నా ఒళ్ళోనే ఉండిపోనాది.”

బిందుశ్రీ పట్టుచీరతోనే ఆటో ఎక్కి వచ్చింది.

“మీ ఊరేది?”

“సెమిలిగుడ.” (కొత్త కోడలు పుట్టినూరు చెబుతుంది గానీ అత్తవారి ఊరు చెప్పదు.)

తల్లిది పార్వతీపురమూ కూతురిది సెమిలిగుడా అయినప్పుడు బంధుత్వమే అనుమానించదగినదని మనోరంజన్ నిర్ణయించి, ఆమెనూ కూర్చోబెట్టాడు. అదే బెంచీ మీద.

గురువమ్మకు ఇంకేం కావాలి? కూతురికి బొట్టు పెట్టి, చలిమిడి ఒళ్ళో పెట్టి, కళ్ళు తుడుచుకుంది. పెద్దమనిషిగా ఉమాపతి దీవించాడు. ముహూర్తం దాటలేదు. మనోరంజన్ కూడా ఒక ముద్ద పుచ్చుకున్నాడు. (లంచం కాదు, నమూనా.)

చలిమిడి తీపికి కాబోలు, అతని మనసు కరిగింది. నిబంధనలు మళ్ళీ తిరగేసి, ఎంతో దయగా చెప్పాడు.

“తల్లీకూతుళ్ళిద్దరూ వెళ్ళిపోవచ్చు. బిడ్డది ఏ ఊరో ఇంకా తేలలేదు గనక, బిడ్డ మాత్రం ఇక్కడే కూర్చోవాలి.”