వేళ్ల వారసత్వం

శాస్త్ర పరిశోధన మహోన్నతమైనది కనుక దాన్ని చనిపోయినవాళ్ల చేతుల్లో వదిలేయరాదని పూర్వకాల పరిశీలనల ధ్రువీకరణ విభాగం ఏనాడో తీర్మానించింది. ఈ విభాగం శంషాబాద్‌లో ఒక టైర్ల షాపు పైన, మూడో అంతస్తులో ఉంది. (లిఫ్టు కూడా ఉంది. అది పని చేస్తుందని ఇంకా ధ్రువీకరించలేదు.)

పాల్మాకుల బుచ్చయ్య డెబ్బై ఒక్కేళ్ల మోకాళ్లతో ఆ మెట్లన్నీ ఎక్కాడు. చేతిలో ముత్తాత రాజయ్య రాసిన వాన పుస్తకం. నూట ముప్పై ఏళ్ల కిందట ఆ మహానుభావుడు వాకిట్లో ఇత్తడి గిన్నె పెట్టి, ఏ కార్తెలో ఎన్ని వేళ్ల లోతు నీళ్లు నిలిచాయో, వాగు ఎక్కడిదాకా పొంగిందో ఒక్క వాన వదలకుండా రాసుకున్నాడు. ఇప్పుడు ఆ వాగులోనే విమానాల సరుకు దాచే గోదాము లేస్తోంది. అక్కడ వాగే లేదంటున్నారు కట్టేవాళ్లు. దారి మూస్తే నీళ్లు బుచ్చయ్య ఇంట్లోకే వస్తాయి. వాగు ఉందనడానికి ఆయన దగ్గరున్న సాక్ష్యం ఈ పుస్తకమొక్కటే.

పర్యవేక్షకులు నరసరాజు గారిది భీమవరం. కుర్చీ చూపించి, పుస్తకం ఆసాంతం తిరగేశారు.

"అద్భుతంగా ఉందండీ! కొలమానం వేళ్లు అని రాశారు. ఆ వేళ్లు దాఖలు చెయ్యాలండి."

"ఆయన సచ్చి నూరేండ్లాయె సారూ!"

"అలాగైతే ఎలాగండీ?"

బుచ్చయ్య తన చెయ్యి బల్ల మీద పెట్టాడు. "జర ఇవి సూడుండ్రి. అచ్చం ఆయన వేళ్లే అంటరు మావోళ్లు."

నరసరాజు గారు స్కేలుతో ఒక్కో వేలూ కొలిచి, వేళ్ల వారసత్వ పత్రం తెమ్మన్నారు. సాక్షిగా బుచ్చయ్య భార్య సక్కుబాయి సంతకం పెట్టింది. "గీ వేళ్లతోటి నలభై ఏండ్ల సంది ఒక్క కూరగాయ కోసింది లేదు, గిదన్న పనికొస్తదేమో" అంది.

పత్రం మూడు నెలలు తిరిగింది. ఈలోగా గోదాము గోడ లేచింది. ఆరుద్ర కార్తెలో వాన దంచికొట్టింది. గోడకు తగిలిన వాగు వెనక్కి మళ్లి బుచ్చయ్య ఇంట్లో నడుములోతు నిలిచింది. వడ్ల బస్తాలు, మంచం, టీవీ అన్నీ పోయాయి.

బుచ్చయ్య బురద కాళ్లతోనే మెట్లెక్కాడు. "గిప్పుడన్న నమ్ముతరా సారూ, వాగుందని?"

నరసరాజు గారు నిజంగానే సంతోషించి, లేచి నిలబడి చెయ్యి కలిపారు.

"ఇక ముత్తాత గారితో పనే లేదండి! మీరే స్వయంగా చూశారు కదా. ముప్పై ఏళ్ల పరిశీలన పూర్తయితే వాగు ఉన్నట్టే."

కొత్త పుస్తకం తీసి, మొదటి పేజీలో తేదీ వేసి, స్టాంపు గుద్ది, రెండు చేతులతో అందించారు.

"ఒక ఏడాది అయిపోయిందండి. మిగతా ఇరవై తొమ్మిదేళ్లూ దయచేసి ఇల్లు మాత్రం మారకండి."