దిష్టి తీసిన అయస్కాంతం

జిల్లా సైన్స్ ఎగ్జిబిషన్‌కు సారంగపాణి నమూనా ఎంపికైందన్న ఉత్తరం, మిరపకాయలు దంచే గిర్ని నుంచి తెచ్చిన కొత్త కారాన్ని సరోజన జల్లెడ పడుతున్న వేళ అందింది. భార్యాభర్తలిద్దరూ కళ్లు తుడుచుకున్నారు. అందులో ఆనందం ఎంతో, కారం ఎంతో చెప్పడం కష్టం.

సారంగపాణి హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో టెంపరరీ సైన్సు మాస్టారు. పెళ్లయి నాలుగు నెలలు. గుర్రపు నాడా ఆకారపు అయస్కాంతం, దాని నడుమ రాగితీగ చుట్ట, చుట్టను తిప్పడానికి పాత కుట్టుమిషను చక్రం: ఇదీ అతని నమూనా. చక్రం తిప్పితే టార్చిలైటు బల్బు వెలుగుతుంది. ఎగ్జిబిషన్ మరునాడే. బల్బు వెలిగితే ఉద్యోగం పర్మనెంటు, లేకుంటే జూన్ నుంచి వేరే తొవ్వ చూసుకోవాలని హెడ్మాస్టరు రాజేశ్వర్ రావు ముందే చెప్పి ఉన్నాడు. సారంగపాణి అయస్కాంతాన్ని విప్పి సరోజన చేతికిచ్చి, పొడి బట్టతో తుడవమనీ, నీళ్లు మాత్రం తగలనీయొద్దనీ తల్లి కట్టమ్మ వినేలా చెప్పి బడికి వెళ్లాడు.

సరోజన తుడిచింది. తుడుస్తుంటే చాపమీది సూది ఎగిరొచ్చి అంటుకుంది. ఆమెకు ముచ్చటేసింది. పిన్నీసులు, జడపిన్నులు, తాళంచెవి అన్నీ అయ్యాక కారంలో పెట్టి చూసింది. అయస్కాంతానికి నల్లటి మీసాలు మొలిచాయి.

అదే సమయానికి ఇంటి యజమానురాలు గులాబ్ బీ వచ్చింది.

"ఇన్ని దినాలు మనం ఇనుము తింటానమా, బేటీ?"

గిర్నిలో ఇనుప రోకళ్లు రాసుకున్నప్పుడు కాస్త పొడి రాలుతుందనీ, అందులో ఎవరి మోసమూ లేదనీ సరోజన వివరించింది. గులాబ్ బీ మొదటి సగం విని బయల్దేరింది. ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే రోజులు కావడంతో, మధ్యాహ్నానికల్లా పదకొండు ఇళ్ల ఆడవాళ్లు కారం డబ్బాలతో వాకిట్లో వరుస కట్టారు. ప్రతి డబ్బాకూ మీసాలు మొలిచాయి. గిర్ని పోశయ్య బరువు కోసం ఇనుము కలుపుతున్నాడని తేల్చారు.

పోశయ్య గిర్ని మూసి, కనుబొమల దాకా ఎర్రటి కారంతో వచ్చాడు.

"ఇనుమేమన్న చెట్టుకు కాస్తాందా తల్లీ, తెచ్చి కారంల కలుపనీకి?"

సరోజన అతనికి రెండో సగం కూడా చెప్పింది. కారం పడేచోట ఒక అయస్కాంతం పెడితే ఇనుమంతా పట్టేస్తుందని చూపించింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గబగబా స్టేషన్ వైపు వెళ్లిపోయాడు. పోలీసుల దగ్గరికే పోయాడని అందరూ అనుకున్నారు.

కట్టమ్మ ఇదంతా అరుగుమీది నుంచి చూసింది. అయస్కాంతం సంగతి ఆమెకు తెలియదు, కంటిదిష్టి సంగతి తెలుసు. కొడుకు కొలువు ఆధారపడిన వస్తువు మీద పదకొండు ఇళ్ల కళ్లు పడ్డాయి. కోడలు స్నానానికి వెళ్లగానే ఉప్పు, ఎండుమిరపకాయలు దాని చుట్టూ మూడుసార్లు తిప్పి కుంపట్లో వేసింది. అయస్కాంతం నిండా ఊరివాళ్ల కారమే. నీళ్లతో కడగొద్దని కొడుకు ఆజ్ఞ. అందుకని దాన్ని కూడా నిప్పుల్లో వేసింది. వీధి అంతా దగ్గింది. ఆ దగ్గు విని దిష్టి అంతా పోయిందని ఆమెకు రూఢి అయింది.

సారంగపాణి వచ్చి, చల్లారిన అయస్కాంతాన్ని బిగించి చక్రం తిప్పాడు. బల్బు వెలగలేదు. తీగలు చూశాడు, బల్బు మార్చాడు. సరోజన సూది దగ్గర పెట్టింది. సూది కదలలేదు.

"నీళ్ల సుక్క తగలనియ్యలే బిడ్డా," అంది కట్టమ్మ. "నిప్పులల్ల అరగంట పెట్టిన."

ఎర్రగా కాలిన అయస్కాంతం శక్తి కోల్పోతుందని సారంగపాణి పోయిన వారమే ఎనిమిదో తరగతికి చెప్పాడు. తల్లిని మాత్రం మంచినీళ్లు అడిగి కూర్చున్నాడు.

"తప్పు నాదే," అంది సరోజన. "కారంల పెట్టి చూసింది నేనే గద."

"కారంల పెట్టినవా?" సారంగపాణి తలెత్తాడు. "ఇనుము ఎంతొచ్చింది?"

ఆమె బొటనవేలి గోరు చూపించింది. కాసేపు ఇద్దరూ ఉద్యోగం సంగతి మరచిపోయారు.

సాయంత్రం పోశయ్య గోనెసంచితో వచ్చాడు. అందులో, స్టేషన్ దగ్గర మహమూద్ పాతసామాను దుకాణంలో వెతికి తెచ్చిన అయస్కాంతం ఉంది. పాతదానికి రెండింతలుంది. గిర్నికి ఇది పనికొస్తుందో లేదో సారు చూసి చెప్పాలట. సారంగపాణి చెక్కముక్కలు అడ్డం పెట్టి దాన్ని నమూనాలో బిగించి చక్రం తిప్పాడు. బల్బు మునుపెన్నడూ లేనంత తెల్లగా వెలిగింది. చూడవచ్చిన గులాబ్ బీ కళ్లకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"రేపొక్క పూట అరువియ్యి, పోశయ్యా," అన్నాడు సారంగపాణి.

"ఇస్త సారూ. గని దీని ఎంట నేను గుడ వస్త. ఇది కండ్ల పడందే గిర్నికి ఒక్కరు గుడ రామంటాండ్రు."

కట్టమ్మ వెలుగుతున్న బల్బును, దాన్ని చూస్తున్న వాళ్లనూ చూసింది.

"రేపు జిల్లా జిల్లంత సూస్తది దీన్ని. పని గాంగనే సీదా ఇంటికి తేండ్రి. కుంపటి అంటువెట్టి ఉంచుత."

మరునాటి కార్యక్రమం అక్కడే ఖరారైంది: పొద్దున తొమ్మిదింటికి ఎగ్జిబిషన్, ఒంటిగంటకు గిర్ని, నడుమ ఈ వీధి గుండా రాకూడదు.