మంత్రిగారు నీళ్లు పోసిన వేపమండ

ఈ ఏడాది సెలవులకు విదేశాలకు వెళ్లడం లేదని సమీప విహార శాఖ మంత్రి వైకుంఠం గారు బుధవారం విలేకరుల సమావేశంలో ప్రకటించారు. ఎక్కడెక్కడికి వెళ్లడం లేదో కూడా చదివి వినిపించారు. స్విట్జర్లాండ్‌కు వెళ్లడం లేదు. సింగపూర్‌కు వెళ్లడం లేదు. దుబాయ్‌కి రెండుసార్లు వెళ్లడం లేదు.

"మరి ఎక్కడికి సార్?" అని అడిగాను.

"ఛత్రినాకకు."

ఛత్రినాక మా ఊళ్లోనే, పాతబస్తీలో ఉంది. రాసుకుంటున్నవాళ్లం ఆగి తలలెత్తాం. మంత్రిగారు మా ముఖాలు చూసి సంతోషించారు.

"ఇంటి పక్కన ఇంత అందం పెట్టుకొని విమానం ఎక్కుడు ఏంది? మూడు దినాలు నేను ఆడ ఉంట. మంత్రి లెక్క కాదు, టూరిస్టు లెక్క. దరఖాస్తులు తీస్కోను. లొల్లి ఏమన్న ఉంటే సోమవారం ఆఫీసుకు రావాలె. సెలవుల ఉన్నోన్ని సతాయించుడు మన సంస్కృతి కాదు."

పక్కనున్న డైరెక్టర్ వేణుగోపాల్ గారు చప్పట్లు కొట్టారు. ఆ శాఖలో మంత్రి తరువాత ఉన్నది ఆయనే.

గురువారం పొద్దున మంత్రిగారు ఛత్రినాక చేరుకున్నారు. ఆయన ఎంచుకున్న గల్లీలో కారు పట్టదు. అందువల్ల కార్లు మెయిన్ రోడ్డు మీద ఆగాయి, వాటి వెనక బస్సులు ఆగాయి, మంత్రిగారు సామాన్యుడిలా నడిచారు. ముందు నలుగురు పోలీసులు, వెనక నలుగురు పోలీసులు నడిచారు. మేమూ నడిచాం.

గల్లీ మధ్యలో, నీలమ్మ ఇంటి ముందు, డ్రైనేజీ మ్యాన్‌హోల్ ఉంది. దాని మూత మీద నుంచి నీళ్ల ట్యాంకర్ పోయింది. అప్పటి నుంచి మూత లేదు. ఎవరూ పడకుండా నీలమ్మ అందులో ఒక వేపమండ గుచ్చింది. నడిరోడ్డులో మండ కనిపిస్తే కింద గుంత ఉందని ఈ ఊళ్లో ఎవరికైనా తెలుసు.

ఆదివారం ఆ గల్లీలోంచే బోనాలు వెళ్తాయి. నెత్తిన కుండ, కుండ మీద దీపం ఉన్న మనిషికి కిందికి చూసి నడవడం కుదరదు. ఈసారి నీలమ్మ బిడ్డ రూప మొదటిసారి బోనం ఎత్తుతోంది. మూత కోసం నీలమ్మ తిరగని ఆఫీసు లేదు.

మంత్రిగారు వేపమండ ముందు ఆగారు.

"వేణుగోపాల్, చూసినవా? సింగపూర్ల చెట్లు రోడ్డు పక్కన పెడ్తరు. ఈడ రోడ్డు నడుమల పెట్టిన్రు!"

"సింగపూర్ వాళ్లకు ఇంకా ఆ ఆలోచన రాలేదు సార్."

నీలమ్మ గడప దిగి వచ్చింది. "బాంచెన్ సారూ, జర గా మూత..."

వేణుగోపాల్ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "అమ్మా, సార్ సెలవులో ఉన్నారు. మూత గురించైతే సోమవారం. చెట్టు గురించైతే ఇప్పుడే చెప్పండి."

"సోమవారం దాక ఎట్లాగుత సారూ? ఐతారమే బోనాలు."

"అయితే చెట్టు గురించి చెప్పండి."

నీలమ్మ కాసేపు ఆలోచించింది. "గది చెట్టు గాదు సారూ. మండ."

"ఎంత వినయం!" అన్నారు మంత్రిగారు. "నాటిన చెట్టును చెట్టు అని సుత చెప్పుకుంటలేదు."

ఆయన బకెట్ తెప్పించి తన చేత్తో నీళ్లు పోశారు. నీళ్లు మాయమయ్యాయి. ఇంకో బకెట్ పోశారు. అదీ పోయింది. నేల మీద చుక్క నిలవలేదు.

"మస్తు దూప మీదున్నది."

"వేర్లు లోతుకు పోయాయి సార్."

కింద నుంచి గుడగుడమని చప్పుడొచ్చింది. మంత్రిగారు చెవి వంచి విన్నారు. "కింద వాగు ఉన్నదా?"

"ఉన్నది సారూ," అంది నీలమ్మ. "గల్లీ అందరిదీ అండ్లకే పోతది."

"మరి ఈ వాసన?"

వేణుగోపాల్ గారు ముక్కు నుంచి రుమాలు తీసి జవాబిచ్చారు. "సేంద్రియం సార్."

సాయంత్రానికి మండ చుట్టూ ఇనుప కంచె వచ్చింది. కంచెకు బోర్డు వచ్చింది: 'ఇది రక్షిత వృక్షము. తాకిన వారు శిక్షార్హులు.'

శుక్రవారం పొద్దున నేను వెళ్లేసరికి గల్లీ చివర ట్రాలీ ఆటో నిలబడి ఉంది. అందులో మ్యాన్‌హోల్ మూత ఉంది. నీలమ్మ తిరిగిన తిరుగుళ్లకు ఆఖరికి ఒక ఇంజనీరు కదిలారు. ఆయన కంచె దాకా వచ్చి బోర్డు చదివారు. ట్రాలీ వాణ్ని వెనక్కి తిప్పమన్నారు.

"ఎటువోతున్నవ్ సార్? మూత పెట్టి పో," అంది నీలమ్మ.

"ఇక్కడ చెట్టు ఉందమ్మా."

"చెట్టు యాడిది సార్? నేనే గుచ్చిన మండ. చూడు, ఇగో, ఇప్పుడే పీకేస్త."

"పీకకు తల్లీ!" ఇంజనీరు రెండడుగులు వెనక్కి వేశారు. "నేను చూస్తుండగా మాత్రం పీకకు. బోర్డు మీద వృక్షం అని రాసుంది. వృక్షం మీద మూత పెడితే రేపు నా ఉద్యోగం మీద మూత పెడతారు."

నీలమ్మ మొగుడు ఎల్లప్ప ఆటో నడుపుతాడు. మూత వెళ్లిపోవడం అరుగు మీద కూర్చుని చూశాడు.

"నేను చెప్తనే ఉన్న. మండ గాక పాత కుర్చీ పెట్టాలె అని."

"కుర్చీ పెడితే గా మంత్రి దాని మీదనే కూసుంటుండె," అంది నీలమ్మ.

ఎండకు మండ ఆకులు వడలిపోయాయి. వేణుగోపాల్ గారు ఆ సంగతి మంత్రిగారి కంటే ముందే చూశారు. జీపు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్లి కొత్త మండతో తిరిగొచ్చింది. కొత్తది పాతదానికంటే పెద్దది. మధ్యాహ్నం నిద్ర లేచి వచ్చిన మంత్రిగారు దాని పక్కన నిలబడి ఎత్తు చూసుకున్నారు.

"పొద్దున నా నడుము దాక ఉండె. ఇప్పుడు భుజం దాక వచ్చింది!"

"మీరు నీళ్లు పోశారు కదా సార్."

సాయంత్రం ఇంకా పెద్ద మండ వచ్చింది. చెట్టు మంత్రిగారి తల దాటింది. మా పత్రికతో సహా అన్ని పత్రికలూ ఫొటో వేశాయి. శనివారం తెల్లారేసరికి ఎవరో చెట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. మంత్రిగారు కూడా ఒకటి కొట్టారు. కొబ్బరినీళ్లు కూడా లోపలికే పోయాయి.

ఆ వెంటనే ఆయన నిర్ణయం ప్రకటించారు. ఈ స్థలంలో 'వేపనీడ విహార కేంద్రం' వస్తుంది. శంకుస్థాపన ఈ సాయంత్రమే, ఎందుకంటే సెలవు ఈ సాయంత్రంతో అయిపోతుంది.

"ఇంత చిన్న గల్లీలో కేంద్రం ఎక్కడ కడతారు సార్?" అని అడిగాను.

"రాయి వడ్డంక జాగ అదే దొరుకుతది."

రాయి చెక్కే పని సామ్యూల్‌కు అప్పగించారు. అదే గల్లీ మొదట్లో అతని దుకాణం. సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కుతాడు. మంత్రిగారి పేరు, పదవి కాగితం మీద రాయించుకున్నాడు.

"పుట్టిన తారీఖు ఎయ్యాల్నా సార్?"

"ఎయ్యి," అన్నారు మంత్రిగారు.

"మరి ఇంకో తారీఖు?"

"ఇంకో తారీఖు ఏంది?"

"ఖాళీ ఇడుస్త సార్. తర్వాత ఎయ్యొచ్చు."

వేణుగోపాల్ గారు దగ్గి, ఈ రోజు తేదీ వెయ్యమన్నారు. అప్పుడు నీలమ్మ ముందుకు వచ్చింది. పొద్దున్నుంచి ఆమె మూత మాట ఎత్తలేదు.

"సారూ, ఒక్క మాట. చెట్టు గురించే."

"చెప్పమ్మా."

"అమ్మవారి చెట్టు కాడ మూలలున్న రాయి పెట్టొద్దంటరు. గుండ్రంగ ఉండాలె."

మంత్రిగారు వేణుగోపాల్ గారి వైపు చూశారు. వేణుగోపాల్ గారు అది శాస్త్రంలో ఉందన్నారు.

"ఎంత గుండ్రం?" అన్నాడు సామ్యూల్.

నీలమ్మ కంచెలోకి వంగింది. కొంగు అంచుతో ఏదో కొలిచింది. కొంగుకు ముడి వేసి సామ్యూల్‌కు చూపించింది.

"గింత. మందం బాగుండాలె సామ్యూల్ అన్నా. పెద్దసారు పేరు. పగలొద్దు."

సామ్యూల్ ముడి చూశాడు. కంచె చూశాడు. నీలమ్మను చూశాడు. "ఆటో ఎక్కినా పగలదు," అన్నాడు.

"శిలాఫలకం మీదికి ఆటో ఎందుకు ఎక్కుతుంది?" అని వేణుగోపాల్ గారు కోప్పడ్డారు.

సాయంత్రం కంచెకు ఆనించిన నల్లరాయి మీది పరదాను మంత్రిగారు లాగారు. ఛత్రినాకలో గడిపిన మూడు రోజులు స్విట్జర్లాండ్‌ను మరిపించాయని, అక్కడైతే ఇన్ని దోమలు చూసే అవకాశం ఉండేది కాదని చెప్పారు. తరువాత కార్లు కదిలాయి. బస్సులూ కదిలాయి.

ఆదివారం డప్పులు మొదలయ్యే వేళకు వెళ్లాను. కంచె నీలమ్మ గోడకు ఆనించి ఉంది. దాని మీద చీర ఆరేశారు. నడిరోడ్డులో చెట్టు లేదు. చెట్టు ఉన్నచోట, నేలకు సమంగా, అంచుల్లో సిమెంటుతో, మంత్రిగారి రాయి ఉంది. పేరు పైకి ఉంది.

రూప నెత్తిన బోనంతో, చూపు ఎదురుగా పెట్టి, దాని మీద నుంచి నడిచి పోయింది. నీలమ్మ పక్కనే నడిచింది, కిందికి చూడకుండా.

పూజలో పాల్గొనడానికి వేణుగోపాల్ గారు కూడా వచ్చారు.

"చెట్టేది?"

"సెలవు మీద వోయింది సారూ," అంది నీలమ్మ.

"ఈ రాయిని ఇక్కడ పరిచింది ఎవరు? తీసెయ్యండి!"

"మేము తియ్యం సారూ. మంత్రిసారు పేరున్న రాయి. శిక్ష పడ్తది. మీరు తియ్యుండ్రి."

వేణుగోపాల్ గారు వంగారు. మంత్రిగారి పేరు మీద చెయ్యి పెట్టబోయి, తీసి, జేబులో పెట్టుకున్నారు. చెప్పులు విడిచి రాయికి దండం పెట్టి వెళ్లిపోయారు.

సోమవారం మంత్రిగారు ఆఫీసుకు వచ్చారు. బయట జనం బారులు తీరి ఉన్నారు. ఒక్కో గల్లీ నుంచి పది మంది వచ్చారు. అందరిదీ ఒకటే కోరిక. మంత్రిగారు మమ్మల్ని పిలిపించారు.

"రాసుకోండ్రి. ఇన్నేండ్ల రాజకీయంల ఇసొంటిది చూడలే. ప్రతి గల్లీల శంకుస్థాపన చెయ్యమంటున్రు. ఏం కడ్తవని ఒక్కడన్న అడుగుతలేడు! కట్టకున్నా పర్వలేదు సారూ, మీ పేరున్న రాయి చాలంటున్రు."

"రాయి ఎలాంటిది కావాలంటున్నారు సార్?" అని అడిగాను.

వేణుగోపాల్ గారు నేల చూపులు చూస్తూ జవాబిచ్చారు. "అందరూ గుండ్రంగానే కావాలన్నారు. మందంగా."

"చూసిన్రా, ప్రజల్ల ఎంత ఏకాభిప్రాయమో!"

"సైదాబాద్ వాళ్లు మాత్రం చదరంగా కావాలంటున్నారు సార్."

మంత్రిగారి ముఖం ముడుచుకుంది.

"ఆళ్లు మొదటి సంది మనకు వ్యతిరేకమే," అన్నారు.