పది మంది మనుషులు

బాలలక్ష్మి చేటలో బియ్యం చెరుగుతోంది. ఆమె పెళ్లి మాట ఖాయం చేసుకోవడానికి ఇచ్చోడ నుంచి పెళ్లివారు వస్తున్న రోజది. పిల్లవాడి తండ్రి హనుమండ్లు రాసిన కార్డు గూట్లో ఉంది: "పది మంది మనుషులం వస్తున్నం."

"మనుషులంటే మొగోళ్లేనా, అందరా?" తల్లి కిష్టవ్వ నాలుగోసారి అడిగింది.

"అందరే అవ్వా. ఆడ, మగ, పిల్లగాండ్లు. మా పుస్తకంల గట్లనే ఉన్నది."

ఏడో తరగతి చదివిన బిడ్డ మాటకు ఆ ఇంట్లో తిరుగులేదు. పది మందికే ఎసరు పెట్టారు. పిల్లవాణ్ని బాలలక్ష్మి నిర్మల్ అంగట్లో ఒకసారి దూరం నుంచి చూసింది. ఈ సంబంధం కుదరాలని ఆమెకూ ఉంది, పైకి అనలేదు.

మొదటి కచ్చురం బండిలోంచి పది మంది మగవాళ్లు దిగారు. బాలలక్ష్మి తలుపు సందులోంచి లెక్కపెట్టి ఊపిరి పీల్చుకుంది. అంతలో రెండో బండి వచ్చింది, నిండా ఆడవాళ్లు. మూడో దాంట్లో పిల్లలు, వాళ్ల నడుమ పిల్లవాడి నాయనమ్మ గంగుబాయి.

తండ్రి లక్ష్మీరాజం గోడ మీదుగా పక్కింటి పోశవ్వతో, మనుషులకు అన్నం తక్కువ పడిందని చెప్పాడు. ఒక చెవి వినపడని పోశవ్వ మనుషులే తక్కువ పడ్డారనుకుని, నలుగురు కోడళ్లను వెంటేసుకుని వడ్డించడానికి వచ్చింది. పొద్దుటి నుంచి వాళ్లూ ఏమీ తినలేదు.

హనుమండ్లు అన్నం గిన్నెలోకి తొంగి చూశాడు. "కార్డు ఎవరు చదివిండ్రు?"

"నేనే," అంది బాలలక్ష్మి నేల చూస్తూ.

"మనుషులంటే మొగోళ్లు బిడ్డా. ఆడోళ్లు, పిల్లగాండ్లు ఎంబడి వస్తరు. గంత తెల్వదా?"

సంబంధం అక్కడితో తెగిపోయిందనుకుంది బాలలక్ష్మి. అప్పుడు గంగుబాయి కొడుకు వైపు తిరిగింది.

"హనుమండ్లూ, నిన్ను కన్నది మనిషి గాదా?"

"గట్ల గాదు అవ్వా..."

"మరెట్లనో జర చెప్పు."

అతను గిన్నె మీద మూత పెట్టి పక్కకు జరిగాడు. లెక్కలో లేనివాళ్లంతా ముందు కూర్చోండని ముసలమ్మ కేకేసింది. ఆడవాళ్లు, పిల్లలు, పోశవ్వ కోడళ్లు ఉన్నదాన్నే సర్దుకుని తిన్నారు. పది మంది మనుషులు నిలబడి చూశారు.

"గీ పిల్లనే మా ఇంటికి గావాలె," అంది గంగుబాయి చెయ్యి కడుక్కుంటూ. "మనుషులను గుర్తు వడ్తది."

కిష్టవ్వ ఆమెకు తువ్వాలు అందించింది. బాలలక్ష్మి ఖాళీ చేటను మొహానికి అడ్డం పెట్టుకుంది.

గంగుబాయి సంచి అందించగానే హనుమండ్లు చెప్పులు తొడుక్కుని, బియ్యం కోసం దుకాణం దిక్కు గడప దాటాడు. వేళ్ల మీద మనుషుల లెక్క మాత్రం తల్లితోనే మొదలుపెట్టాడు; ఆమె అప్పటికే తిన్నదని గుర్తు చేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.